నిద్రాదేవి అలిగితే?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలు అంటారు. నిజంగా నిద్ర ముంచుకొచ్చినవాడికి పట్టుపరుపు అక్కరలేదు. బస్సులో కమ్మీ పట్టుకొని నిలబడే నిద్రపోయేవాళ్ళను మీరు చూసే ఉంటారు. పెళ్ళివారింట్లో సన్నాయి చెవి పక్కన మోగుతున్నా చాపమీద గుర్రుపెట్టే తాతగార్లనూ చూసే ఉంటారు.

ఈ సామెతకు రెండో వైపు కూడా ఉంది. మెత్తని పరుపు, చల్లని గాలి, చీకటి గది అన్నీ అమరినా నిద్ర రానివాళ్ళు మన మధ్యనే ఉన్నారు. ఒక రోజు, రెండు రోజులు కాదు సుమా! ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్ళ రాత్రులు అంతే. ఒంట్లో జబ్బేమీ ఉండదు. మనసులో చెప్పుకోదగిన దిగులూ ఉండదు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, "కారణం ఏమీ కనిపించడం లేదు" అంటారు. ఇలాంటి నిద్రలేమి ఎందుకు వస్తుంది? దానితో మనిషి ఎలా బతుకుతాడు? ఈ నెల తెలుసుకుందాం.

విదురుడి జాబితా

మహాభారతం ఉద్యోగపర్వంలో ఒక రాత్రి ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపించుకుంటాడు. సంస్కృత భారతంలో ఆ ఘట్టానికి పేరే ప్రజాగర పర్వం. ప్రజాగరం అంటే నిద్ర లేకుండా మేలుకొని ఉండడం. బలవంతుడితో వైరం తెచ్చుకున్న బలహీనుడికీ, సొమ్ము పోగొట్టుకున్నవాడికీ, దొంగకూ నిద్ర పట్టదని విదురుడు చెబుతాడు. వీటిలో ఏదీ మిమ్మల్ని పట్టుకోలేదు గదా అని రాజును అడుగుతాడు.

నిద్ర పట్టకపోతే దాని వెనక ఏదో కారణం ఉండి తీరాలని మనుషులు అంత పూర్వం నుంచీ అనుకుంటున్నారన్నమాట. ఇప్పటికీ అంతే. "ఏం ఆలోచిస్తున్నావు?", "ఏం తప్పు చేశావు?" అని అడుగుతారు. చాలామంది విషయంలో ఆ ప్రశ్న సరైనదే. పరీక్షల భయం, పంటినొప్పి, దగ్గు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, సాయంత్రం తాగిన కాఫీ, రాత్రి డ్యూటీలు ఇవన్నీ నిద్ర చెడగొడతాయి. కారణం తొలగితే చాలావరకు నిద్ర తిరిగి వస్తుంది. కాని ఏ తప్పూ చేయని, ఏ అప్పూ లేని నాలుగేళ్ళ పిల్లవాడు అర్ధరాత్రి దాకా ఇంటి దూలాలు లెక్కపెడుతూ పడుకొని ఉంటే? వాడు విదురుడి జాబితాలో ఎక్కడా దొరకడు.

వాడి సంగతి తెలియాలంటే ముందు మామూలు నిద్ర ఎలా వస్తుందో చూడాలి. తాళం ఎలా పనిచేస్తుందో తెలియకుండా అది ఎందుకు పడడం లేదో చెప్పలేం గదా!

కుండ, గడియారం

మనకు నిద్ర తెప్పించేవి ముఖ్యంగా రెండు. ఒకటి కుండ లాంటిది. రెండోది గడియారం లాంటిది. ఈ రెండింటినీ కలిపి నిద్రను వివరించే సిద్ధాంతాన్ని స్విట్జర్లాండులోని జూరిచ్ నగరానికి చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రకటించాడు.

ముందు కుండ సంగతి. కారుతున్న కుళాయి కింద ఖాళీ కుండ పెట్టారనుకోండి. చుక్క చుక్కగా నిండుతూ సాయంత్రానికి అంచుదాకా వస్తుంది. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులోని కణాలు శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. అందువల్ల అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతుంది. అది ఎంత పెరిగితే కళ్ళు అంత బరువెక్కుతాయి. నిద్రపోతే కుండ ఖాళీ అవుతుంది. కాఫీ, టీలలోని కెఫీన్ చేసే పని ఏమిటో తెలుసా? కణాల మీద అడినోసిన్ కూర్చోవలసిన కుర్చీలలో అది ముందే వచ్చి కూర్చుంటుంది. కుండ నిండే ఉంటుంది, కాని మెదడుకు ఆ కబురు అందదు!

ఇక గడియారం. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మేరాన్ ఒక చిన్న ప్రయోగం చేశాడు. అత్తిపత్తి జాతి మొక్క పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకుంటుంది. ఆయన దానిని ఎండ తగలని చీకటి చోట పెట్టి చూశాడు. సూర్యుడు కనిపించకపోయినా అది వేళకు ఆకులు విప్పుతూ, వేళకు ముడుస్తూనే ఉంది. అంటే గడియారం మొక్క లోపలే ఉందన్నమాట. మనలోనూ ఉంది. మెదడు అడుగుభాగంలో, రెండు కంటి నాడులు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు ఇరవై వేల నాడీకణాల గుంపు ఒకటి రాత్రింబవళ్ళను లెక్కపెడుతుంది. చీకటి పడ్డాక దాని ఆజ్ఞ ప్రకారం పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఇలాంటి గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో పండ్లమీద ముసిరే చిన్న ఈగలలో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

కుండ నిండి, గడియారం "రాత్రి అయింది" అని చెప్పినప్పుడు మామూలు మనిషికి పది, ఇరవై నిమిషాలలో నిద్ర పడుతుంది.

మెదడు గీసే గీతలు

ఒకడు నిద్రపోతున్నాడో, కళ్ళు మూసుకొని ఊరికే పడుకున్నాడో బయటి నుంచి చెప్పడం ఎలా? దొంగనిద్ర పట్టుకోవడం మీ అమ్మకే కష్టం! దీనికి దారి చూపినవాడు జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్. మనిషి తలమీద లోహపు బిళ్ళలు అతికించి, మెదడులో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును ఆయన 1924లో మొదటిసారి గీతలుగా రాబట్టాడు. 1929లో ఆ సంగతి లోకానికి ప్రకటించాడు. దీనినే ఇ.ఇ.జి. అంటారు.

మేలుకొని, కళ్ళు మూసుకొని నిమ్మళంగా ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 దాకా అలలు కనిపిస్తాయి. గాఢనిద్రలో అలలు పెద్దవై, నెమ్మదిస్తాయి. సెకనుకు నాలుగు కూడా ఉండవు. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవారు మరో వింత గమనించారు. నిద్రలో కొంతసేపు మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతాయి. ఆ సమయంలో లేపితే చాలామంది కల వచ్చిందని చెబుతారు. అసెరిన్‌స్కీ ఈ పరీక్షలు మొదలుపెట్టింది తన ఎనిమిదేళ్ళ కొడుకు మీదనే. గాఢనిద్ర, కలల నిద్ర ఒకదాని వెంట ఒకటి, సుమారు 90 నిమిషాలకొక చుట్టు చొప్పున, రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతాయి.

వియన్నా డాక్టరు కనిపెట్టిన మీట

1916, 1917 సంవత్సరాలలో వియన్నా నగరంలో ఒక వింత జబ్బు వచ్చింది. రోగులు రాత్రింబవళ్ళు నిద్రపోయేవారు. లేపితే లేచి మాట్లాడి మళ్ళీ నిద్రలోకి జారుకునేవారు. కొద్దిమందిలో మాత్రం ఇందుకు పూర్తి విరుద్ధం. వారికి కునుకే పట్టేది కాదు. ఆ జబ్బు తర్వాత అనేక దేశాలకు పాకి, 1920 దశకం చివరికి దాదాపు మాయమైంది. దాని మూలం ఏమిటో నేటికీ తేలలేదు.

కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనమో అనే డాక్టరు చనిపోయిన రోగుల మెదళ్ళను పరీక్షించాడు. హైపోథాలమస్ అనే భాగం వెనకవైపు దెబ్బతిన్నవారు అతిగా నిద్రపోయినవారు. ముందువైపు దెబ్బతిన్నవారు నిద్ర పట్టనివారు. అంటే ముందువైపు నిద్రపుచ్చే కేంద్రం, వెనకవైపు మేలుకొలిపే కేంద్రం ఉన్నాయని ఆయన ఊహించాడు. అది సరైన ఊహేనని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి. 1998లో ఒరెక్సిన్ అనే పదార్థం బయటపడింది. మేలుకొలుపు మీట జారిపోకుండా పట్టి ఉంచేది ఇదే. దానిని తయారుచేసే కణాలు నశించినవారు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి పడిపోతారు.

నిద్రకూ మెలకువకూ మధ్య ఉన్నది ఒక మీట అని గుర్తుపెట్టుకోండి. ఒక కేంద్రం గట్టిగా పనిచేస్తే రెండోది అణగిపోతుంది. అందుకే మనం సగం నిద్రలో, సగం మెలకువలో ఎక్కువసేపు ఉండలేం.

మరి కొందరికి మీట ఎందుకు పడదు?

ఇప్పుడు మన నాలుగేళ్ళ పిల్లవాడి దగ్గరకు వద్దాం. 1980లో పీటర్ హౌరి, ఆల్మ్‌స్టెడ్ అనే పరిశోధకులు చిన్ననాటి నుంచే నిద్ర లేనివారిని ప్రత్యేకంగా పరిశీలించారు. పెద్దయ్యాక ఏదో కష్టం వల్ల నిద్ర పోగొట్టుకున్నవారికంటే వీరికి నిద్ర పట్టడానికి ఎక్కువసేపు పడుతుందనీ, నిద్ర మొత్తం మీద తక్కువనీ తేలింది. ఇలాంటి నిద్రలేమికి డాక్టర్లు ఇడియోపతిక్ అనే విశేషణం చేర్చారు. గ్రీకు భాషలో ఇడియోస్ అంటే సొంత, పాథోస్ అంటే బాధ. మరో జబ్బుకు తోకగా రాక, తనంత తానుగా వచ్చిన బాధ అని అర్థం. కారణం తెలియని జబ్బులన్నిటికీ వైద్యులు ఈ మాటే వాడతారు.

2005 నాటి నిద్రవ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేకంగా ఒక స్థానం ఉండేది. 2014 పట్టికలో దానిని తీసివేసి, దీర్ఘకాలపు నిద్రలేమి అన్న ఒకే పేరు కింద అన్నిటినీ కలిపారు. రకాలను ఒకదాని నుంచి ఒకటి గట్టిగా విడదీయడం వైద్యులకు కష్టమైంది మరి! వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలపాటు, నిద్రకు తగిన అవకాశం ఉండి కూడా నిద్ర పట్టక, పగటి పనులకు ఇబ్బంది అయితే దానిని దీర్ఘకాలపు నిద్రలేమి అంటారు. పెద్దవారిలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉంది. చిన్నతనం నుంచీ ఉన్నవారు వారిలో చాలా కొద్దిమంది.

మూలకారణం దొరకకపోయినా కొన్ని ఆనవాళ్ళు దొరికాయి. 1995లో బానెట్, అరాండ్ అనే పరిశోధకులు నిద్రలేమి ఉన్నవారు పీల్చే ఆక్సిజన్‌ను కొలిచారు. రాత్రి మాత్రమే కాదు, పగలు కూడా వారి శరీరం మామూలువారి కంటే ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తోంది. బండి ఆగినా ఇంజను ఆపని డ్రైవరులా శరీరం లోపల ఎప్పుడూ గుడగుడమంటూనే ఉందన్నమాట. 2004లో మెదడును స్కానింగ్ చేసి చూసినప్పుడు, నిద్రలోకి వెళ్ళినా వారి మెదడులోని మేలుకొలుపు భాగాలు తగినంతగా చల్లబడలేదని తెలిసింది. 2019లో 13 లక్షలకు పైగా మనుషుల వివరాలు పరిశీలించి, నిద్రలేమితో సంబంధం ఉన్న చోట్లను జన్యుపదార్థంలో రెండు వందలకు పైగా గుర్తించారు. ఏ ఒక్క జన్యువూ దీనికి బాధ్యురాలు కాదు. ఒక్కొక్కటీ రవ్వంత చొప్పున కలిసి పనిచేస్తాయి.

కాబట్టి ప్రస్తుతానికి ఇంతవరకు చెప్పవచ్చు. కొందరి మెదడులో మేలుకొలుపు కేంద్రం పుట్టుకతోనే కాస్త బిగువుగా అమరి ఉండవచ్చు. కుండ నిండుతుంది, గడియారం గంట కొడుతుంది, అయినా మీట పడదు. ఎందుకు బిగువుగా ఉందన్న ప్రశ్నకు జవాబు ఇంకా రావలసి ఉంది.

ఒక రాత్రి ఎలా గడుస్తుంది?

ఇది ఏదో పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. ఈ వ్యాసం రాస్తున్న మాస్టారూ ఆ కొద్దిమందిలో ఒకడే. నాకిప్పుడు యాభై దాటాయి. ఉయ్యాలలో ఉన్నప్పుడే నేను ఇంటిల్లిపాదినీ జాగారం చేయించానని మా అమ్మ చెప్పేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, తలకు ఆముదం పెట్టారు, గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చారు. పెద్దయ్యాక రక్తపరీక్షలు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నాను. తలకు తీగలు అతికించుకొని ఆస్పత్రిలో ఒక రాత్రి పడుకున్నాను. ఎక్కడా కారణం దొరకలేదు.

రాత్రి పదింటికి ఇంట్లో దీపాలు ఆరిపోతాయి. పదకొండున్నరకు ఆఖరి బస్సు వెళుతుంది. ఒంటిగంటకు గూర్ఖా విజిల్ వినిపిస్తుంది. రెండింటికి గూడ్సు బండి. ఆ తర్వాత కాస్త కునుకు పడుతుంది. నాలుగున్నరకు గుడి మైకు, దాని వెనకనే పాలవాడి సైకిలు బెల్లు. ఈ చప్పుళ్ళు నాకు కంఠతా వచ్చు. గడియారం చూడకుండానే టైము చెప్పగలను. నిజానికి గడియారం చూడకూడదు. "ఇంకా మూడు గంటలే ఉంది, ఇప్పుడైనా పట్టకపోతే రేపు ఎలా?" అన్న లెక్క మొదలైతే గుండె వేగం పెరిగి, రావలసిన కునుకు కూడా పారిపోతుంది. అందుకే మా గదిలో గోడగడియారం లేదు.

మీరు అడగవచ్చు. రాత్రి నిద్ర లేకపోతే పగలు నిద్ర ముంచుకురావాలి గదా? ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది. అమెరికాలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ళ విద్యార్థి సైన్సు ప్రదర్శన కోసం 1963 డిసెంబరు చివరి నుంచి 1964 జనవరి దాకా 264 గంటలు, అంటే పదకొండు రోజులు మేలుకొని ఉన్నాడు. నిద్రపోకుండా అతణ్ణి కాపాడడం స్నేహితులకు పెద్ద పని అయింది. చివరికి మాటలు తడబడ్డాయి, చిన్న లెక్కలు మరచిపోయాడు. పడుకోనివ్వగానే పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోయాడు. దయచేసి ఇలాంటివి మీరు చేయకండి! ప్రమాదం. అతనిది నిద్రను బలవంతంగా ఆపడం. నిద్రలేమి వేరు. ఇందులో పడుకోవడానికి టైము ఉంటుంది, ఒళ్ళు అలసిపోయి ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. మధ్యాహ్నం పడుకున్నా రాదు. పగలంతా కళ్ళలో ఇసుక పోసినట్లు ఉంటుంది, చిరాకు వస్తుంది, తెలిసిన పేరు నోటికి రాదు. అయినా కునుకు పడదు.

మరో విచిత్రం వినండి. ఆస్పత్రిలో పడుకున్న మర్నాడు, "ఎంతసేపు నిద్రపోయారు?" అని అడిగితే రెండు గంటలన్నాను. గీతలు చూసి నాలుగు గంటలకు పైనే అన్నారు. నమ్మబుద్ధి కాలేదు. తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడి సంగతి కాదని. 1976లో నిద్ర పట్టదని చెప్పిన 122 మందిని ప్రయోగశాలలో పరీక్షించారు. వారిలో చాలామంది నిద్ర పట్టడానికి పట్టిన సమయాన్ని ఎక్కువగానూ, నిద్రపోయిన సమయాన్ని తక్కువగానూ లెక్కవేశారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. మెదడులో కొంత భాగం మేలుకొనే ఉంటే ఆ నిద్ర నిద్రలా తోచదు. ఈ సంగతి తెలిశాక నా భయం సగం తగ్గింది. నేను అనుకున్నంత ఘోరంగా లేదన్నమాట!

కోతిని తలచుకోకుండా మందు తాగడం

మీకు ఈ కథ తెలుసు. "ఈ మందు తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోకు" అన్నాడట వైద్యుడు. ఆ రోగి జన్మలో ఎప్పుడూ తలచుకోని కోతి మందు గిన్నె ఎత్తిన ప్రతిసారీ కళ్ళముందు ప్రత్యక్షమైందట.

నిద్ర కూడా అంతే. బరువు ఎత్తాలంటే ప్రయత్నించాలి. లెక్క చేయాలంటే ప్రయత్నించాలి. నిద్ర మాత్రం ప్రయత్నం మానుకుంటేనే వస్తుంది. "నిద్రపోవాలి, నిద్రపోవాలి" అనుకునేకొద్దీ మేలుకొలుపు కేంద్రం మరింత చురుకవుతుంది. కొన్నాళ్ళకు మంచాన్ని చూస్తేనే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది. గంట మోగగానే పావ్‌లోవ్ కుక్కకు లాలాజలం ఊరినట్లే ఇదీ! మొదట ఉన్న కారణం తెలియకపోయినా, పైన పేరుకున్న ఈ అలవాటును మాత్రం వైద్యులు విప్పగలరు.

వైద్యులు ఏం చేస్తారు?

1972లో రిచర్డ్ బూట్‌జిన్ ఒక పద్ధతి చెప్పాడు. మంచం నిద్రకే. దానిమీద చదువు, టీవీ, సెల్‌ఫోను ఏదీ వద్దు. సుమారు ఇరవై నిమిషాలలో నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, నిద్ర వచ్చినప్పుడే తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి.

1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు మరో పద్ధతి ప్రకటించారు. వింటే తలకిందులుగా ఉందనిపిస్తుంది. నిద్ర రానివాణ్ణి ఎక్కువసేపు పడుకోమనకుండా తక్కువసేపు పడుకోమంటారు! ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఒకరు 9 గంటలు మంచంమీద ఉండి 5 గంటలే నిద్రపోయారు. నిద్రపోయిన గంటలను మంచంమీద ఉన్న గంటలతో భాగించి వందతో హెచ్చించండి. 56 శాతం వచ్చింది. ఇప్పుడు మంచంమీద ఐదున్నర గంటలే ఉండమన్నారు. కుండ బాగా నిండి ఉంటుంది కనుక అందులో 5 గంటలు నిద్రపోయారు. అప్పుడు 91 శాతం. నిద్ర గట్టిపడ్డాక మంచంమీద ఉండే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు. ఇది డాక్టరు పర్యవేక్షణలో చేయవలసిన పని, సొంతంగా చేయకూడదు. మాటలతో, అలవాట్లతో చేసే ఇటువంటి చికిత్సనే పెద్దవారి నిద్రలేమికి ముందుగా ఇవ్వాలని అమెరికాలోని వైద్యుల సంఘం ఒకటి 2016లో సిఫారసు చేసింది. నిద్రమాత్రలు ఆ తర్వాతి మాట. డాక్టరు చీటీ లేకుండా, పక్కింటివారు ఇచ్చారని నిద్రమాత్ర వేసుకోవడం ఎన్నటికీ పనికిరాదు.

ఈ పద్ధతుల వల్ల నాకు జబ్బు పూర్తిగా పోయిందా? పోలేదు. రాత్రికి నాలుగున్నర, ఐదు గంటల నిద్ర వస్తోంది. మంచమంటే భయం పోయింది. నిద్ర రాని వేళ వరండాలో కూర్చొని ఆకాశం చూస్తాను. చార్లెస్ డికెన్స్ అనే ఆంగ్ల రచయిత నిద్ర పట్టని రోజులలో రాత్రంతా లండన్ వీధుల్లో నడిచి, ఆ అనుభవం మీద 1860లో ఒక వ్యాసం రాశాడు. మా ఊళ్ళో కుక్కలు నడవనివ్వవు గనుక నాకు నక్షత్రాలే గతి! కృత్తికలు, మృగశిర, వృశ్చికం ఏ నెలలో ఏ వేళకు ఎక్కడ ఉంటాయో అలా నేర్చుకున్నవే. మర్నాడు తొమ్మిదింటికి క్లాసుకు వెళతాను. కష్టమైన పాఠం మొదటి పీరియడులో పెట్టుకుంటాను. స్కూటరు నడపను, బస్సులో వెళతాను. ఇవి చిన్న చిన్న సర్దుబాట్లు. వీటితోనే జీవితం నడుస్తోంది.

భయపడవచ్చునా?

ప్రాణం తీసే నిద్రలేమి ఒకటి ఉందని మీలో కొందరు విని ఉంటారు. అది నిజమే. 1986లో ఇటలీ వైద్యులు ఒక కుటుంబంలో దానిని గుర్తించి వర్ణించారు. ప్రియాన్ అనే చెడిపోయిన ప్రోటీన్ వల్ల వచ్చే ఆ జబ్బు ప్రపంచంలో అతి కొద్ది కుటుంబాలలోనే ఉంది. ఎక్కువగా నడివయసులో మొదలవుతుంది. మామూలు నిద్రలేమికీ దానికీ సంబంధం లేదు. ఒకటి రెండోదిగా మారదు.

మీ వయసులో మరో పొరపాటు జరగవచ్చు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాని ఈ వయసులో లోపలి గడియారం కొంత వెనక్కి జరుగుతుంది. పదకొండైనా నిద్ర రాదు, పొద్దున లేవబుద్ధి కాదు. దానికి తోడు సెల్‌ఫోను వెలుగు కంట్లో పడితే మెలటోనిన్ తగ్గి గడియారం ఇంకా వెనక్కి వెళుతుంది. సెలవులలో ఆలస్యంగా పడుకొని హాయిగా తొమ్మిది గంటలు నిద్రపోగలిగితే మీకున్నది నిద్రలేమి కాదు, గడియారం తేడా. సెలవులలో కూడా, ఫోను లేకపోయినా, వారాల తరబడి నిద్ర రాకపోతే మాత్రం ఇంట్లో చెప్పి డాక్టరును చూడండి. కారణం ఉండి ఉంటే దొరుకుతుంది. మనసులో దిగులు ఉంటే అదీ చెప్పండి.

మీరే చేసి చూడండి

ఒక నోటుపుస్తకంలో రెండు వారాలపాటు రోజూ పొద్దున ఐదు సంగతులు రాయండి. ఎప్పుడు పడుకున్నారు, సుమారు ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు మెలకువ వచ్చింది, ముందురోజు సాయంత్రం టీ, కాఫీ తాగారా. రాత్రి గడియారం చూడవద్దు, అంచనాగా రాస్తే చాలు. పైన చెప్పినట్లు శాతం కట్టండి. 85 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మంచిదే. తరగతిలో పదిమంది కలిసి చేసి, టీ తాగిన రోజులకూ తాగని రోజులకూ, బడి రోజులకూ సెలవు రోజులకూ గ్రాఫులు గీయండి. నిద్ర డాక్టర్లు మొదట అడిగేది ఈ పుస్తకమే.

ఇలా చేస్తున్నప్పుడు మీ తరగతిలో ఒకరి శాతం ప్రతిరోజూ చాలా తక్కువగా రావచ్చు. పొద్దునే కళ్ళు ఎర్రగా వచ్చి, పాఠంలో ఆవలించి, చీటికీమాటికీ విసుక్కొనే పిల్లవాడు అతడే కావచ్చు. నా చిన్నప్పుడు ఆవలిస్తే బెత్తం దెబ్బ పడేది. "రాత్రంతా ఎక్కడ తిరిగావురా?" అని అందరూ నవ్వేవారు. ఎక్కడా తిరగలేదనీ, మంచంమీదే ఉన్నాననీ చెబితే నమ్మేవారు కాదు. మీరు నమ్మండి. "నిద్రపోవడానికి గట్టిగా ప్రయత్నించు" అని సలహా ఇవ్వకండి, కోతి కథ గుర్తుంది గదా! రాసుకోలేకపోయిన నోట్సు ఇవ్వండి. ముందు ఇంట్లో చెప్పమనండి, తర్వాత డాక్టరుకు.

మేలుకొలుపు మీట కొందరిలో ఎందుకు బిగువుగా ఉంటుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎకనమో చేసినట్లు శ్రద్ధగా గమనించేవారు మీలో ఉంటే ఈ ప్రశ్న మీ కోసం కాచుకొని ఉంది. అందాకా రోజూ వేళకు పడుకొని, హాయిగా నిద్రపోండి.